గుమ్మం ముందు అరవై మూడు జతలు

ఇంకా ఇరవై రోజులు

రూలు పదకొండు: లైసెన్సు గడువు ముగిసేముందు ఇరవై రోజులపాటు ఆస్పత్రి ఇన్‌చార్జి తన చేత్తో లాగ్ రాయాలి. ఏం రాయాలో మాత్రం ఆ రూల్లో ఎక్కడా లేదు. నాకు తోచింది రాస్తాను, చదివేవాళ్ళ ఖర్మ.

నా పేరు సింహాచలం. ఎర్రబిలంలో ఉన్న ఏకైక ఆస్పత్రికి, అంటే ఆరు పడకలకి, పదహారేళ్ళుగా ఇన్‌చార్జి సిస్టర్ని. పొద్దున్నే లేచి గాలి జల్లెళ్ళు దులుపుతాను. పైన బయలంతా ఎర్ర దుమ్మే కదా, ఎంత బిగించినా ఈ సొరంగంలోకి చిటికెడు రానే వస్తుంది. తర్వాత ఆక్సిజన్ సిలిండర్లని వేలితో కొట్టి చూస్తాను. గేజీలున్నాయి కదమ్మా అంటుంది నిస్సీ. గేజీ అబద్ధం చెప్తుంది, చప్పుడు చెప్పదు. నిస్సీ నా కింద పనిచేసే నర్సు, మంచి పిల్ల. గట్టిగా మాట్లాడమంటే మాత్రం చచ్చిపోతుంది. పేషెంటుకి సూది గుచ్చి తనే "సారీ అండీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం.

ఇవాళ ఝాన్సీ చూపించుకోవడానికొచ్చింది. గాలి గొట్టాలకి వెల్డింగ్ చేసే పిల్ల, ఎనిమిదో నెల. మొదటి కాన్పు నిలవలేదు. అందుకని ఈసారి ఊరు ఊరంతా ఆ పిల్ల పొట్ట వైపే చూస్తోంది. డాక్టర్ జిలానీగారు స్కాన్ చేసి నన్ను పక్కకి పిలిచారు. ఆయన పక్కకి పిలిస్తే నాకు భయం.

"మాయ కిందికి ఉంది సిస్టర్. దారికి అడ్డంగా ఉంది. మామూలు కాన్పు కుదరదు, ఆపరేషనే."

"పెద్దకోటకి పంపేద్దామా? అక్కడ పెద్ద ఆస్పత్రి ఉంది కదా."

"రెండు రోజులు ఆ బండిలో కుదిపితే దారిలోనే రక్తం మొదలవుతుంది. ఇక్కడే చెయ్యాలి. ఇంకో మూడు వారాలకి. అంతకుముందు కోస్తే బిడ్డ ఊపిరితిత్తులు తట్టుకోవు."

వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. మూడు వారాలకి మా లైసెన్సు అయిపోయి ఒక రోజు అవుతుంది. మత్తు ఇచ్చే యంత్రానికీ లైసెన్సుకీ ముడి ఉంది. గడువు రోజు మధ్యాహ్నం పన్నెండు దాటి కొత్త లైసెన్సు లేకపోతే ఆ యంత్రం దానంతటదే ఆగిపోతుంది. మత్తు లేకుండా కడుపు కొయ్యలేం. అంటే ఝాన్సీ ప్రాణం ఇప్పుడు ఒక కాయితం మీద ఉంది.

"ఏం పిన్నీ, అలా చూస్తావ్?" అంది ఝాన్సీ.

"నీ మొహం, బరువు తక్కువున్నావ్. పో, పోయి తిను" అన్నాను.

ఇంకా పదిహేడు రోజులు

రూల్స్ పుస్తకం చదవడం మొదలుపెట్టాను. కింద భూమ్మీద ఎవరో ఫ్యాను కింద కూర్చుని రాసినవి. ఆస్పత్రి ముందు ఇరవై అడుగుల రోడ్డుండాలట. మా సొరంగమే పద్దెనిమిది అడుగులు. గోడని రెండడుగులు చెక్కించాం. వాన నీళ్ళు పోవడానికి కాలువుండాలట. ఈ గ్రహం మీద వాన కురిసి ఎన్ని కోట్ల ఏళ్ళయిందో ఆ మహానుభావుడికి తెలియదు పాపం. అయినా తవ్వాం. కిటికీలకి దోమతెరలుండాలట. ముందు కిటికీలే లేవు కదా, కిటికీ ఆకారంలో గోడ మీద రంగేసి, పుట్టగొడుగులు పెంచే బంగారయ్య తాత దగ్గర వల అడిగి తెచ్చి, దాని మీద బిగించాం.

"దోమంటే ఎలా ఉంటుందమ్మా?" అని అడిగింది నిస్సీ. ఈ పిల్ల పుట్టింది ఇక్కడే.

"నీలాగే ఉంటుంది. చెవి దగ్గర సన్నగా మాట్లాడుతుంది" అన్నాను.

బాగా నవ్వుకున్నాం. ఇలాగే సాగితే లైసెన్సు రాక ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

ఇంకా పద్నాలుగు రోజులు

పెద్దకోట లైసెన్సు ఆఫీసు నుంచి నోటీసొచ్చింది. మా ఆరు పడకల ఆస్పత్రిలో రాత్రనక పగలనక అరవై మూడు మంది ఉంటున్నారట. ఆరు పడకల లైసెన్సుకి పద్దెనిమిది మందే పరిమితి. అరవై మూడు మందిని పెట్టుకోవాలంటే పెద్దాస్పత్రి లైసెన్సు తీసుకోవాలి, దానికి నలుగురు స్పెషలిస్టులు, లిఫ్టు, శవాగారం కావాలి. లిఫ్టు ఎక్కడికి వెయ్యమంటారు నాయనా, రాతిలోకా?

నాకు ఒళ్ళు మండిపోయింది. అరవై మూడు మంది ఏమిటి, నా మొహం, నిన్న ఉన్నది ముగ్గురు. నిస్సీయే కనిపెట్టింది. పోయిన నెల వాళ్ళ మనిషి వచ్చి మా గుమ్మం పక్కన ఒక లెక్కపెట్టె బిగించి వెళ్ళాడు. ఆ పెట్టె మనుషుల్ని చూడదు. బయటికి వెళ్ళడానికి వేసుకునే బూట్లలో పేరుతో ఒక బిళ్ళ ఉంటుంది చూడండి, దాన్ని చదువుతుంది. పది అడుగుల లోపల ఎన్ని జతలుంటే లోపల అంతమంది ఉన్నట్టు.

పెద్దకోటలో జనం బూట్లతోనే తిరుగుతారు, బూట్లతోనే తింటారు. బూట్లతోనే పడుకుంటారని కూడా విన్నాను, ఛీ. ఎర్రబిలంలో అలా కాదు. మొదట్లో ఆస్పత్రిలోకి చెప్పులతో ఎలా వెళ్తామని జనం మా గుమ్మం ముందు విప్పేవాళ్ళు. తర్వాత అక్కడ దుమ్ము పీల్చే అరుగు కట్టించాం. బయట పని నుంచి వచ్చే గాలిగుమ్మం కూడా పక్కనే కావడంతో ఊరందరూ అక్కడే విప్పేసి, ఒట్టి కాళ్ళతో బడికీ, క్యాంటీనుకీ, ఇళ్ళకీ పోవడం అలవాటైపోయింది. పెద్దవాళ్ళం అరవై మూడు మందిమి. అరవై మూడు జతలు. ఇదీ కథ.

అదే రాసి పంపాను. గంటలో జవాబు: "పెట్టె లెక్కే తుది లెక్క. చివరి పది రోజుల సగటు పద్దెనిమిది దాటితే లైసెన్సు ఇవ్వబడదు."

ఇంకా పన్నెండు రోజులు

గాలిగుమ్మం ముందు అందర్నీ పోగేసి చెప్పాను. ఇవాళ్టి నుంచి ఎవరి బూట్లు వాళ్ళు ఇళ్ళకి పట్టుకుపోవాలి. అరుగు మీద కనిపిస్తే కాల్చేస్తాను.

"ఇంట్లోకా?" అన్నాడు బంగారయ్య తాత. ఆయన మొహం చూడాలి, పెంట తినమన్నట్టు పెట్టాడు. "అమ్మాయ్, డెబ్బై మూడేళ్ళొచ్చాయి నాకు. బయట తొక్కింది ఇంట్లోకి ఏనాడూ తేలేదు."

"సంచిలో పెట్టి మంచం కిందికి తోసెయ్ తాతా. పన్నెండు రోజులు ఓర్చుకోలేవా? ఝాన్సీ కోసం."

ఝాన్సీ పేరెత్తగానే అందరూ అరుగు వైపు కదిలారు. ఎవరి జత వాళ్ళు చంకలో పెట్టుకుని పోయారు. తాత మాత్రం రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకని మోసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాడు.

ఇంకా తొమ్మిది రోజులు

పెట్టె లెక్క: పదకొండు! నిస్సీ చప్పట్లు కొట్టింది. నేను క్యాంటీన్లో రెండు గరిటెలు ఎక్కువ పులుసు పోసుకుని తిన్నాను. ఎంత తెలివైనదానివే సింహాచలం అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇంకెవరూ మెచ్చుకోరు కాబట్టి రాస్తున్నాను.

ఇంకా ఆరు రోజులు

పొద్దున్న ఇద్దరు దగ్గుతో వచ్చారు. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు. జిలానీగారు కఫం తీసి భూతద్దం కింద పెట్టి నన్ను పిలిచారు. ఎర్రగా మెరుస్తోంది. రక్తం కాదు, దుమ్ము.

"అరుగు మీద పీల్చుకుపోయే దుమ్మంతా ఇప్పుడు మంచాల కింద ఉంది సిస్టర్. బూట్లు వెనక్కి తెప్పించండి."

"ఆరు రోజులే కదా డాక్టర్. ఇప్పుడు వెనక్కి తెస్తే సగటు దాటిపోతుంది. ఝాన్సీ సంగతేంటి? నలుగురే కదా, ఆవిరి పట్టిద్దాం."

ఆయన నా వైపు చూశారు. "మీరు ఇన్‌చార్జి" అన్నారు. అంతే. తిట్టినా బావుండేది.

బూట్లు వెనక్కి తెప్పించలేదు నేను. ఈ ముక్క రాయకుండా వదిలేద్దామనుకున్నాను. రాశాను.

ఇంకా నాలుగు రోజులు

పదకొండు మంది. వాళ్ళలో బంగారయ్య తాత ఒకడు. ఒక్క మెట్టెక్కితే ఊపిరందడం లేదు. పడక మీద కూర్చోబెట్టి ముక్కుకి ఆక్సిజన్ పెడుతుంటే, "సంచిలోనే పెట్టానమ్మాయ్, మంచం కిందికే తోశాను, నువ్వు చెప్పినట్టే" అన్నాడు, నేను తిడతానేమోనని. మందుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

తర్వాత మొహం కడుక్కుని బయటికొచ్చి ఊరంతా తిరిగి అరిచాను. బూట్లన్నీ వెనక్కి తెండి, ఇళ్ళన్నీ తడిగుడ్డతో తుడవండి, మంచాలెత్తి తుడవండి. సాయంత్రానికి అరవై మూడు జతలూ అరుగెక్కాయి.

నిస్సీ సగటు కట్టి చూసి కాయితం నాకివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. గడువు నాటికి ముప్పై ఒకటి దాటుతుంది. లైసెన్సు పోయినట్టే.

ఇంకా రెండు రోజులు

పంతొమ్మిది మంది. పడకలు ఆరే కాబట్టి మిగతావాళ్ళని వరండాలో చాపల మీద పడుకోబెట్టాం. మేం తవ్విన వాన కాలువ ఇన్నాళ్ళకి పనికొచ్చింది, ఆక్సిజన్ గొట్టాలు అందులోంచి లాగాం. తాత కాస్త తేరుకున్నాడు. దగ్గుకీ దగ్గుకీ మధ్య నిస్సీకి పుట్టగొడుగుల కూర ఎలా వండాలో చెప్తున్నాడు.

రూల్స్ పుస్తకం మళ్ళీ మొదట్నుంచీ చదివాను. నలభై ఒకటో రూలు దగ్గర ఆగాను. ఒకే కారణం వల్ల పన్నెండు మందికి పైగా జబ్బు పడితే, ఆ ఊళ్ళో ఉన్న ఆస్పత్రిని మూయకూడదు. ఆఖరి పేషెంటు కోలుకునేదాకా పాత లైసెన్సే చెల్లుతుంది. పడకల పరిమితి కూడా ఉండదు.

ఎగిరి గంతేద్దామనుకున్నాను. కింద ఇంకో రెండు పంక్తులున్నాయి. ఆ కారణం ఏమిటో తేల్చి చెప్పాలి. తేలకపోతే విచారణ, నలభై రోజులు. కారణం మనిషైతే ఆ మనిషి ఒప్పుకుని సంతకం పెట్టాలి. అలా సంతకం పెట్టినవాళ్ళు ఇక జన్మలో ఏ ఆస్పత్రికీ ఇన్‌చార్జిగా ఉండకూడదు.

పుస్తకం మూసేశాను. ఎవరికీ చెప్పలేదు. పదహారేళ్ళండీ. మొగుడు పోయాక ఈ ఆస్పత్రే నా ఇల్లు. పొద్దున్నే ఎవరైనా "ఇన్‌చార్జిగారున్నారా" అని అడిగితే నాకు కడుపు నిండిపోతుంది. రేపు పెద్దకోట నుంచి తనిఖీకి ఇన్స్పెక్టరొస్తాడు, మంచివాడైతే జాలిపడి ఏదో దారి చూపిస్తాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఝాన్సీకి ఇంకా మూడు రోజులుంది కదా అని కూడా.

ఇంకా ఒక రోజు

ఇన్స్పెక్టర్ రాలేదు. బండి దారిలో ఇసుకలో కూరుకుపోయిందట, రేపు పొద్దున్న వస్తాడట. నలభై ఒకటో రూలు సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. మూడుసార్లు జిలానీగారి గది దాకా వెళ్ళి జల్లెడ దులిపి వచ్చాను.

గడువు రోజు

ఈ పేజీ కూడా నేనే రాస్తున్నాను, కానీ ఇన్‌చార్జిగారి అనుమతితో.

ఇన్స్పెక్టర్ తొమ్మిదింటికి వచ్చాడు. పేరు కృపానందం, సన్నటి మనిషి, రెండు రోజుల ప్రయాణానికి నడుం పట్టేసి వంగి నడుస్తున్నాడు. బూట్లతో లోపలికి రాబోతే తాత వరండాలోంచి "ఆఁ ఆఁ" అని కేకేశాడు. విప్పేసి వచ్చాడు. పెట్టె అరవై నాలుగు చూపించింది.

రోడ్డు కొలిచాడు. కాలువలో ఒక చెంబుడు నీళ్ళు పోసి పారుతాయో లేదో చూశాడు. దోమతెర దగ్గర నిలబడి ప్రతి కన్నులోనూ వేలు పెట్టి చూసి, "దోమలు లేవు, మంచిది" అని రాసుకున్నాడు. నిస్సీ నోట్లో కొంగు కుక్కుకుంది.

తర్వాత మనుషుల్ని లెక్కపెట్టాడు. పేషెంట్లు పంతొమ్మిది, మేం ముగ్గురం. "ఇరవై రెండు. సగటు చూస్తే ముప్పై ఒకటి దాటింది" అన్నాడు. నిజంగా బాధపడుతూనే అన్నాడు. "బూట్ల సంగతి నాకర్థమైందమ్మా. పెట్టె తప్పే. అది మార్పిస్తాను. కానీ ఇవాళ నా కళ్ళతో చూసిన లెక్క కూడా పద్దెనిమిది దాటింది కదా. సంతకం పెట్టలేను. మళ్ళీ దరఖాస్తు పెట్టుకోండి, నలభై రోజుల్లో నేనే వస్తాను."

నలభై ఒకటో రూలున్న పుస్తకాన్ని చంకలోనే నొక్కిపెట్టుకున్నాను.

అప్పుడే ఝాన్సీని మోసుకొచ్చారు. గొట్టాల దగ్గర పనిచేసే నలుగురు ఆడవాళ్ళు తలుపు చెక్క మీద పడుకోబెట్టి తెస్తున్నారు. పాదాల దాకా రక్తం. మొహం సున్నం కొట్టినట్టుంది. "పిన్నీ, కదులుతోందా? చూడు, కదులుతోందా?" అని అదే అడుగుతోంది. చెయ్యి పెట్టి చూశాను. కదులుతోంది.

జిలానీగారు గడియారం చూశారు. పదకొండూ ఇరవై. "ఇప్పుడే మొదలుపెట్టాలి. కానీ పన్నెండుకి యంత్రం ఆగితే మధ్యలో మెలకువొస్తుంది. చచ్చిపోతుంది సిస్టర్."

"నలభై ఒకటో రూలు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ గట్టిగా అరిచాను. "కృపానందంగారూ, నలభై ఒకటి తియ్యండి!"

ఆయన పేజీలు తిప్పాడు, చదివాడు. చాప మీదున్నవాళ్ళని మళ్ళీ చూశాడు. "కారణం తెలుసా?"

"దుమ్ము. బూట్లు ఇళ్ళకి తీసుకెళ్ళమని ఆర్డరేసింది నేను. దగ్గు మొదలయ్యాక ఆపమని డాక్టరుగారు చెప్తే రెండు రోజులు వినలేదు, అదీ నేనే."

బంగారయ్య తాత ముక్కు మీది గొట్టం పీకేశాడు. "గాలిదుమారం వచ్చిందని రాయండి బాబూ! ఊరంతా సాక్ష్యం చెప్తాం!"

"నువ్వు ముందు గొట్టం పెట్టుకో తాతా!"

"నా పేరు రాయండి" అన్నారు జిలానీగారు చేతులు కడుక్కుంటూ. "నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది."

"మీ పేరు రాస్తే రేపట్నుంచి ఈ ఊరికి డాక్టరెవరు? కృపానందంగారూ, ఇటివ్వండి ఆ కాయితం."

కింద రాసిన రెండు పంక్తులు ఆయన నాకు పైకి చదివి వినిపించాడు, అది కూడా రూలేనట. తెలుసన్నాను. పదకొండూ ముప్పై రెండుకి సంతకం పెట్టాను.

"ఇన్‌చార్జి లేకుండా ఆస్పత్రి ఉండకూడదు. ఇప్పుడెవరు?" అన్నాడు.

"నిస్సీ."

నిస్సీ చేతిలో ట్రే కిందపడింది. "అమ్మా, నావల్ల కాదు" అంది. "ఏడుస్తూనైనా పెట్టవే సంతకం" అన్నాను. ఏడుస్తూనే పెట్టింది. పాత లైసెన్సే చెల్లుతుందన్న ఆర్డరుని కృపానందం వెంటనే యంత్రానికి పంపాడు.

పదకొండూ నలభైకి ఝాన్సీ మత్తులోకి జారింది. జిలానీగారు కోత మొదలుపెట్టారు. పన్నెండు కొట్టగానే యంత్రం ఒకసారి కీచుమంది. ముగ్గురం ఊపిరి బిగబట్టి దానివైపే చూశాం. ఎర్ర దీపం వెలిగింది, ఆరింది. మళ్ళీ మామూలుగా బుస్సు బుస్సుమంటూ నడిచింది. బయటనుంచి కృపానందం "ఎక్కిందా? ఆర్డరు ఎక్కిందా?" అని అరుస్తున్నాడు. ఎక్కిందని ఎవరూ చెప్పలేదు, మాకంత తీరికెక్కడిది.

పదహారేళ్ళుగా డాక్టరుగారి కుడిపక్క నిలబడేది నేనే. ఇవాళ అక్కడ నిస్సీ ఉంది. ఇన్‌చార్జి స్థానం అదే కదా. ఎక్కడ నిలబడాలో తెలియక గోడ పక్కన నిలబడ్డాను. ఎవరో నా ఇంట్లోనే నన్ను అతిథిలా చూస్తున్నట్టనిపించింది.

పన్నెండూ పద్నాలుగుకి ఆడపిల్ల. బయటికి వచ్చీ రావడమే ఊరు దద్దరిల్లేలా ఏడ్చింది. బయట చాపల మీద దగ్గుతున్నవాళ్ళందరూ ఒకేసారి కేకలేశారు.

"సిస్టర్ సింహాచలం!" అని అరిచింది నిస్సీ. ఆ పిల్ల గొంతులో అంత చప్పుడుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. "అలా గోడకి అతుక్కుని నిలబడితే ఎలా? ఇక్కడ రక్తం ఆగాలి. రండి, బిడ్డని అందుకోండి!"

"వస్తున్నా మేడమ్" అన్నాను, చేతులు చాపాను.